నడుమ ఖాళీ, చివర ఖాళీ

హైదరాబాదు మెట్రో గురించి తెలుగు పాఠకులకు కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. మియాపూర్‌లో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీ వైపు కిక్కిరిసిన పెట్టెలో నిలబడి వెళ్లడం ఎందరికో రోజువారీ పని. కోల్‌కతా మెట్రో సంగతి వేరు. దేశంలో మొదటిది అదేనని పోటీ పరీక్షల పుస్తకాల్లో చదివి, అంతటితో వదిలేసినవాళ్లే మనలో ఎక్కువ. అది ఎన్ని ముక్కలుగా, ఏ వరసలో తెరుచుకుందో తెలుసుకున్నాక మన మెట్రో నన్ను కొత్త ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. రెండూ నాకు ఇష్టమైనవే. రెండూ దశలవారీగా పుట్టినవే. దశ అనే మాటకు రెండు నగరాలు ఇచ్చుకున్న అర్థాలు మాత్రం వేరు.

కోల్‌కతాలో భూగర్భ రైలు ఆలోచన 1949 నాటిది. అప్పటి ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ ఫ్రెంచి నిపుణుల చేత పరిశీలన చేయించారు. శంకుస్థాపనకు మరో ఇరవై మూడేళ్లు పట్టింది. 1972 డిసెంబరు 29న ఇందిరాగాంధీ ఆ పని చేశారు. దమ్‌దమ్ నుంచి టాలీగంజ్ దాకా 16.45 కిలోమీటర్లు, 17 స్టేషన్లు. వాటిలో 15 నేల కిందే. ఆ నేలేమో గంగ తెచ్చిపోసిన మెత్తని ఒండ్రు. కాస్త తవ్వితే నీరు. ఎక్కువ భాగం రోడ్డును పైనుంచే తవ్వారు. ఇరుపక్కలా కాంక్రీటు గోడలు దించి, లోపల సొరంగం కట్టి, మళ్లీ పైన మూశారు. దారిలో అడ్డొచ్చిన మంచినీటి గొట్టాలు, మురుగు కాలువలు, కరెంటు తీగలు అన్నిటినీ ముందు పక్కకు జరపాలి. నిధులు అరకొరగా వచ్చేవి. కోర్టు స్టేలు సరేసరి. చిత్తరంజన్ అవెన్యూ లాంటి పెద్ద వీధి ఏళ్ల తరబడి గొయ్యిగా ఉండిపోయింది.

హైదరాబాదు నేల బండనేల. ఇక్కడ సొరంగం జోలికి వెళ్లకుండా రోడ్డు నడిమధ్య స్తంభాలు లేపారు. ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డుల్లో పోతపోసిన కాంక్రీటు ముక్కలను తెచ్చి, స్తంభాల మీద ఒకదానికొకటి చేర్చి వంతెన అల్లారు. అక్కడ చిక్కు నేలతో వస్తే, ఇక్కడ చిక్కు లెక్కలతో వచ్చింది. 2008లో మేటాస్ బృందానికి దక్కిన కాంట్రాక్టు మీద ఢిల్లీ మెట్రో సారథి శ్రీధరన్ బాహాటంగానే హెచ్చరించారు. 2009లో అది రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీతో ఒప్పందం కుదిరింది, 2012లో పని మొదలైంది. కోల్‌కతాను కట్టింది రైల్వేశాఖ. హైదరాబాదును కట్టింది ఒక కంపెనీ, అప్పు తెచ్చి, టికెట్ల మీదా స్థలాల మీదా రాబడిని అంచనా వేసుకుని. ఈ తేడా దగ్గర్నుంచే దశల దారులు విడిపోయాయి.

1984 అక్టోబరు 24న కోల్‌కతా తెరిచిన మొదటి ముక్క 3.4 కిలోమీటర్లే. ఎస్‌ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా అయిదు స్టేషన్లు. అంత చిన్న ముక్క తెరవడం నా దృష్టిలో సరైన పనే. ఏళ్ల తరబడి గోతులు చూసిన జనానికి ఆ గోతుల్లోంచి రైలు వచ్చి తీరుతుందని చూపించాల్సిన సమయం అది. పైగా ఎస్‌ప్లనేడ్ నగరానికి గుండెకాయ. ట్రాములూ బస్సులూ అక్కడికే చేరతాయి. మరో మూడు వారాలకే, నవంబరు 12న, ఉత్తరపు కొసన దమ్‌దమ్ నుంచి బెల్‌గాఛియా దాకా 2.15 కిలోమీటర్లు తెరిచారు. ఇది మాత్రం తప్పటడుగు. దక్షిణపు ముక్కతో దానికి ఏ అతుకూ లేదు. నాలుగడుగులు వేస్తే చేరే దూరానికి మెట్లు దిగి టికెట్టు కొనేవాళ్లెవరు? జనం రాక, 1992 అక్టోబరులో ఆ ముక్కలో రైళ్లు ఆపేశారు.

హైదరాబాదులో సరిగ్గా ఇలాంటి ముక్కే ఒకటి ఉండేది. నాగోలు నుంచి మెట్టుగూడ దాకా 8 కిలోమీటర్లు. దాన్ని 2015 ఉగాదికి తెరవాలనుకున్నారు. తర్వాత ఆ ఆలోచన మానుకుని, 2017 నవంబరు 28న మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోలు దాకా 30 కిలోమీటర్లు ఒకేసారి తెరిచారు. ఆలస్యం మీద అప్పట్లో చాలా విమర్శలు వచ్చాయి. బెల్‌గాఛియా కథ చదివాక నేను ఆ ఆలస్యం పక్షానే నిలబడతాను. నాగోలులో ఎక్కినవాడికి మెట్టుగూడలో దిగి ఏం పని? అమీర్‌పేట దాకా అతుకు పడ్డాకే ఆ దారికి అర్థం వచ్చింది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ దాకా 16 కిలోమీటర్లు, 2019లో హైటెక్ సిటీ, ఆ తర్వాత రాయదుర్గం. ప్రతి ముక్కా అంతకుముందు తెరిచినదాన్ని ఆనుకునే వచ్చింది.

అయితే కోల్‌కతా పద్ధతిలో ఒక గొప్పదనం ఉంది. అది ఎవరో ముందుగా అనుకుని చేసింది కాకపోవచ్చు. 1986 ఏప్రిల్‌కు దక్షిణపు ముక్క టాలీగంజ్ దాకా సాగింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు పైగా కొత్తగా ఒక్క స్టేషనూ తెరుచుకోలేదు. నగరానికి రెండు కొసల్లో రెండు దారులు ఉన్నాయి, నడుమ ఖాళీ. ఆ ఖాళీలోనే పాత కోల్‌కతా అంతా ఉంది. బడాబజార్ గోదాములు, ఇరుకు సందులు, ఒకదాని భుజం మీద ఒకటి వాలిన నూరేళ్ల మేడలు. 1994 ఆగస్టులో ఉత్తరం నుంచి శ్యామ్‌బజార్ దాకా 1.62 కిలోమీటర్లు వచ్చింది. అక్టోబరు 2న దక్షిణం నుంచి చాందినీ చౌక్ దాకా 0.71 కిలోమీటరు. 1995 ఫిబ్రవరిలో అటు గిరీశ్ పార్క్ దాకా, ఇటు సెంట్రల్ దాకా. చివరికి సెప్టెంబరు 27న మహాత్మాగాంధీ రోడ్ స్టేషను దగ్గర రెండు కొసలూ కలిశాయి. కిలోమీటరు కూడా లేని ముక్కను సైతం విడిగా తెరిచారంటే, ఆ కలయిక కోసం నగరం ఎంత ఆరాటపడిందో తెలుస్తుంది.

మన ఆకుపచ్చ లైను దీనికి తిరగేసిన బొమ్మ. జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా దాదాపు 15 కిలోమీటర్లు వేయాలన్నది అసలు ప్రణాళిక. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్–ఎంజీబీఎస్ ముక్క, 11 కిలోమీటర్లు, తెరుచుకుంది. మూసీ దాటాల్సిన ముక్క ఆగిపోయింది. ఇక్కడా మిగిలింది పాత నగరమే. దారుల్‌షిఫా, శాలిబండ, చార్మినార్ చుట్టూరా ఉన్న బస్తీలు. బడాబజార్‌కూ పాతబస్తీకీ పోలికలు ఎన్నో. అదే ఇరుకు, అదే చిల్లర వ్యాపారం, అవే తరాలనాటి ఆస్తి తగాదాలు. దారి పొడవునా వందకు పైగా మత, వారసత్వ కట్టడాలున్నాయన్నది కూడా నిజం. వాటిని కాపాడుకుంటూ వేయడం తేలిక కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ బడాబజార్‌లో కష్టం తక్కువా? కోల్‌కతాలో ఖాళీ నడుమ ఉంది గనక రోజూ అందరికీ గుచ్చుకుంది. రెండు కొసల్లో వేసిన దారులే దాన్ని పూడ్చమని అడిగాయి. హైదరాబాదులో ఖాళీ చివరన ఉంది. 69 కిలోమీటర్ల మెట్రో అది లేకుండానే నడిచిపోతోంది. మియాపూర్ ప్రయాణికుడికి ఆ వెలితి తగలదు. తగిలేది శాలిబండలో ఆటో కోసం నిలబడ్డ మనిషికే.

నడుమ ఖాళీ పూడటం కాకతాళీయం కాదనడానికి కోల్‌కతాయే మరో సాక్ష్యం ఇచ్చింది. తూర్పు పడమరల లైనులో మొదటి ముక్క 2020 ఫిబ్రవరిలో సాల్ట్ లేక్ వైపు తెరుచుకుంది. 2022లో సియాల్దా చేరింది. 2024 మార్చిలో పడమట హౌరా మైదాన్ నుంచి హుగ్లీ నది అడుగునుంచి ఎస్‌ప్లనేడ్ దాకా రైలు వచ్చింది. నడుమ మిగిలింది బౌబజార్. అక్కడ 2019 ఆగస్టు 31న సొరంగం తవ్వే యంత్రం భూగర్భజలపు పొరను తాకింది. ఇళ్లు కూలాయి, వందలమంది ఉన్నపళంగా వీధిన పడ్డారు. 2022లోనూ మళ్లీ పగుళ్లు వచ్చాయి. ఇంత జరిగాక ఆ దారిని అక్కడితో వదిలేయమన్నా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. అయినా వదల్లేదు. 2025 ఆగస్టు 22న సియాల్దా–ఎస్‌ప్లనేడ్ అతుకు పడింది. బౌబజార్ వాసులు పడిన కష్టాన్ని చిన్నది చేయాలని నా ఉద్దేశం కాదు. నడిమి ఖాళీకి ఉండే బలాన్ని మాత్రం చూడమంటున్నాను.

యాజమాన్యం తేడా కూడా ఇక్కడ పనిచేసింది. రైల్వే నష్టానికైనా నడుపుతుంది. 2010 చివర్లో కోల్‌కతా మెట్రోను ఏకంగా ఒక రైల్వే జోన్‌గా చేశారు. కంపెనీకి ఆ వెసులుబాటు లేదు. ఆకుపచ్చ లైను తెరిచిన కొన్ని వారాలకే కరోనా లాక్‌డౌన్ వచ్చి రైళ్లు ఆగాయి, అప్పు మాత్రం పెరిగింది. 2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ వాటాను తానే తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ రకంగా రెండు మెట్రోలూ దగ్గరి చుట్టాలవుతున్నాయి.

  

పాతబస్తీ మెట్రోకు 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన జరిగింది. రెండో దశ ప్రతిపాదనల్లో ఎంజీబీఎస్–చాంద్రాయణగుట్ట 7.5 కిలోమీటర్ల ముక్కతోపాటు, నాగోలు నుంచి ఎల్‌బీ నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా విమానాశ్రయం దాకా మరో లైను ఉంది. రెంటిలో ఏది ముందన్న చర్చ వచ్చినప్పుడు పాతబస్తీ మిత్రులు చాలామంది తమదే ముందుండాలని పట్టుబడతారు. వాళ్ల కోపం న్యాయమైనది. కానీ విమానాశ్రయపు లైను చాంద్రాయణగుట్టకు ముందు చేరినా నేను బాధపడను. ఆ రోజున చాంద్రాయణగుట్టలో ఒక రైలు, ఎంజీబీఎస్‌లో ఒక రైలు ఆగి ఉంటాయి. విమానం దిగి కోఠీకో సికింద్రాబాదుకో వెళ్లాల్సిన ప్రతి మనిషీ ఆ ఏడున్నర కిలోమీటర్ల గురించి అడుగుతాడు. అప్పుడు అడిగేది ఒక్క శాలిబండ మాత్రమే కాదు.