అలుసు ఎవరిది?

దెబ్బ తినడానికి వీలుగా ఉన్న మనిషి గురించి చెప్పే తెలుగు మాటల్లో పనితనం బాగా కనిపించేది ‘అలుసు’లో. నష్టపోయినవాణ్ణి ‘ఎందుకంత అలుసిచ్చావు’ అంటే తప్పు అతనిదే. ‘అలుసుగా తీసుకున్నారు’ అంటే అవతలివాళ్లది. ‘అలుసైపోయాను’ అంటే మాత్రం తప్పు ఎవరి మీదా పడదు. అందులోని ‘పోయి’, జరిగింది తన చేతిలో లేదనీ ఇక వెనక్కి రాదనీ కూడా చెబుతుంది.

అసలు నేర్పు ‘వాడికి నేనంటే అలుసు’ అనడంలో ఉంది. ‘వాడికి నేనంటే ఇష్టం’, ‘వాడికి నేనంటే భయం’ అన్నప్పటి అమరికే ఇదీ. ఇష్టమూ భయమూ వాడి మనసులోవి, అలుసూ అంతే. అలుసైనది నేను, అలుసు ఉన్నది వాడిలో. ‘లోకువ’దీ ఇదే దారి.

‘దిక్కులేని’, ‘అండలేని’, ‘నోరులేని’ అనేవి వేరే కట్టడం. ముందు ఒక వస్తువు పేరు, వెంటనే అది లేదనే మాట. లేనిదేదో చెప్పడంతోనే కావలసినదేదో కూడా తెలిసిపోతుంది. ముందున్న పేరు తీసేసి వట్టి ‘లేనివాళ్లు’ అంటే? లేనిది డబ్బేనని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

సామెతలు పనిని ధ్వనికి అప్పగిస్తాయి. ‘మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి’లో ఎత్వం ఒత్వమైతే చాలు, మెత్తదనం మొత్తడంగా మారిపోతుంది. ‘పేదవాడి కోపం పెదవికి చేటు’లో ‘పే’ పొట్టిదై ‘పె’ అయింది. కోపం పెదవి దాటకముందే చేటు తెచ్చింది.

రాజ్యాంగం 46వ అధికరణం ప్రత్యేక శ్రద్ధ చూపమన్న వారిని మన సభల్లో ‘బడుగు బలహీన వర్గాలు’ అంటారు. అచ్చతెలుగు మాటనూ సంస్కృతపు మాటనూ రెండు ‘బ’లతో జత చేశారు, మైకులో బాగా పలుకుతుంది. కానీ ఎవరు బలహీనపరిచారో చెప్పే చోటు అందులో లేదు. ‘అణగారిన వర్గాలు’ అన్నా అంతే. అణగడం దానంతట అదే జరిగినట్టు ఉంటుంది. ‘గ’ తీసి ‘చ’ పెట్టి ‘అణచిన’ అంటే వాక్యంలోకి కర్త వచ్చి తీరాలి. కర్మణిలో ‘అణచబడిన’ అని అతణ్ణి దాచినా, ‘ఎవరి చేత?’ అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.