తొడుగు ఒకరిది, చావు ఇంకొకరిది

పిల్లల వినోదం అనగానే మన విమర్శకులు అమాయకత్వం, స్వచ్ఛత, నీతి అని మొదలుపెడతారు. ఆ స్వచ్ఛతకు ఖరీదు ఎవరు కడుతున్నారని అడగరు. 2002లో డానీ డివిటో తీసిన 'డెత్ టు స్మూచీ' ఈ ప్రశ్నను నవ్విస్తూ అడిగింది. సుమారు 5 కోట్ల డాలర్లు పెడితే థియేటర్లలో కోటి కూడా రాలేదు. విమర్శకులు ఎక్కువమంది చెత్త అని తోసేశారు. ఈ తీర్పును మేము ఒప్పుకోం.

టీవీలో పిల్లల కార్యక్రమం నడిపే రాండాల్ఫ్ (రాబిన్ విలియమ్స్), పిల్లల్ని తెరమీద చూపించడానికి తల్లిదండ్రుల దగ్గర లంచం తీసుకుంటూ దొరికిపోతాడు. అతని జాగాలోకి ఖడ్గమృగం తొడుగు వేసుకొని పాడే షెల్డన్ (ఎడ్వర్డ్ నార్టన్) వస్తాడు. సోయా తిండి తినమంటాడు, పిల్లలకు అడ్డమైన సరుకు అమ్మనంటాడు. ఛానెల్‌కు కావలసింది సరిగ్గా ఈ మంచితనమే. లంచగొండి మరక కడుక్కోవాలంటే మచ్చలేని మనిషి కావాలి గదా! మన దగ్గర శుచి కులం పేరుతో నడుస్తది, అక్కడ మార్కెట్ పేరుతో అమ్ముడుపోతది. పిల్లల పేరుతో నడిచే ధర్మసంస్థ వెనక కూడా గూండాలే ఉన్నారని సినిమా చూపిస్తుంది.

అయితే అందరూ మాట్లాడేది ఈ ఇద్దరు నటుల గురించే. మేము మాట్లాడవలసింది స్పిన్నర్ గురించి. రింగులో గుద్దులు తిని తిని బుర్ర దెబ్బతిన్న మాజీ బాక్సర్ అతను. షెల్డన్ అతన్ని కూడా కార్యక్రమంలోకి తీసుకుంటాడు. షెల్డన్‌ను చంపడానికి వచ్చినవాళ్లు తొడుగులో ఉన్న స్పిన్నర్‌ను చంపిపోతారు.

గోదావరిఖనిలో ఈ ముచ్చట కొత్తది కాదు. సింగరేణిలో మారుపేరు కార్మికులున్నారు. వేరేవాళ్ల పేరు మీద బాయి దిగి, ఆ పేరుతోనే మస్టరు పడి, ఆ పేరుతోనే జీతం ఎత్తినవాళ్లు. మనిషి చచ్చిపోతేనో అన్‌ఫిట్ అయితేనో కొడుకు వారసత్వ ఉద్యోగం అడుగుతాడు. కాగితం మీది పేరు ఒకటి, ఇంట్లో పేరు ఒకటి. బొగ్గు తవ్విన ఒళ్లు లెక్కలోకి రాలేదు, పేరే లెక్కలోకి వచ్చింది. స్పిన్నర్ సంగతీ గంతే. తొడుగు చూసి చంపారు, లోపలి మనిషి ఎవరో చూడలేదు.

సినిమా పరిమితి కూడా ఇక్కడే ఉంది. స్పిన్నర్ చావుకు పగ తీర్చుకునేది అతని సొంతవాళ్లు. ఛానెల్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. చివరికి కొట్లాడుకున్న ఇద్దరు కళాకారులు ఒక్కటై మంచుమీద ఆడి పాడుతారు. రాజీ పైవాళ్లకు దొరికింది. స్పిన్నర్‌కు ఏం దొరికింది?

అయినా ఇది విలువైన సినిమా అంటున్నాం. ఎందుకంటే చావును దాచిపెట్టి నవ్వించదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, చిందు భాగవతంలో బుడ్డర్‌ఖాన్ నవ్వించింది కూడా మర్యాద తెలిసిన నవ్వు కాదు. దాన్ని మోటు అని పక్కన పెట్టినవాళ్లే పిల్లల వినోదం ఎట్లుండాలో నిర్ణయిస్తున్నారు.

ఇది పిల్లలకు చూపే సినిమా కాదు, బూతులున్నాయి. పిల్లలకు ఏం చూపాలని చర్చించే టీచర్లు, విద్యార్థులు చూడాలి. చూసినాక హీరో ఎవరనే చర్చకంటే ముందు తొడుగులో చచ్చిపోయినవాని పేరు చెప్పుకోవాలి.