పట్టు తెలిసిన బండి

విశాఖపట్నం నుంచి అరకు దాకా తారు రోడ్డే. శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలైనా, అనంతగిరి మీదుగా చిన్న కారు సైతం ఇంటిల్లిపాదినీ పైకి చేరుస్తుంది. అసలు పరీక్ష తారు వదిలాకే. బొర్రా దగ్గర కటికి జలపాతానికి పోయే రాళ్ల బాట, కాఫీ తోటల మధ్య గూడేలకు ఎక్కే ఎర్రమట్టి దారి, వానలకు పొంగే గెడ్డ: ఏజెన్సీలో గుడారం వేసుకుని రెండు రాత్రులు గడపాలనుకునే కుటుంబానికి ఫోర్‌వీల్ డ్రైవ్ అవసరమయ్యేది ఇక్కడే. షోరూంలో ముందుగా ఇంజిన్ బలం గురించి చెబుతారు. కొండ బాట మాత్రం ఆ బలం ఏ చక్రానికి, ఎంత నెమ్మదిగా అందుతోందని చూస్తుంది. పనితనమంతా ఆ పంపకంలోనే ఉంది.

పంపకం మొదలయ్యేది గేర్‌బాక్స్ వెనకున్న ట్రాన్స్‌ఫర్ కేస్‌లో. గేర్‌బాక్స్ నుంచి వచ్చే ఒక్క తిప్పుడును ఇది రెండు షాఫ్టుల్లోకి మళ్లిస్తుంది. ఒకటి ముందు ఇరుసుకు, రెండోది వెనక ఇరుసుకు. మారుతి జిమ్నీ, మహీంద్రా థార్, ఇసుజు వి-క్రాస్ మూడింటిలోనూ మామూలు రోడ్డు మీద వెనక చక్రాలే లాగుతాయి. నాలుగు చక్రాలూ లాగే 4హెచ్‌లో పెడితే రెండు షాఫ్టులూ బిగిసి ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనకవాటికంటే పొడవైన దారి తొక్కాలి. బురదలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు కాబట్టి షాఫ్టుల్లో, పళ్లచక్రాల్లో ఒత్తిడి పేరుకుపోతుంది. అందుకే తారు ఎక్కగానే తిరిగి 2హెచ్‌కు, అంటే వెనక చక్రాల లాగుడుకే, రావాలి.

అదే పెట్టెలో మరో జత గేర్లు దాగి ఉంటాయి. బండి ఆపి 4ఎల్‌లోకి మారిస్తే జిమ్నీలో వేగం సగమై, చక్రాలకు అందే తిప్పుడు బలం రెట్టింపవుతుంది. 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ ఇచ్చేది 134 న్యూటన్ మీటర్లే అయినా రాళ్ల ఎక్కుడులో ఆ బండి వెనకబడదు. దిగుడులో ఈ గేర్ల విలువ ఇంకా ఎక్కువ. 4ఎల్ మొదటి గేరులో వదిలితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుపోయి తడి ఎర్రమట్టి మీద జారే ప్రమాదం ఉంది. ఇంజిన్ పట్టులో చక్రం తిరుగుతూనే దిగుతుంది, స్టీరింగ్ మాట వింటుంది.

ఇరుసు మధ్యలో ఉండేది డిఫరెన్షియల్. మలుపులో బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరగడానికి వీలిస్తుంది. రోడ్డు మీద వరమైన ఈ గుణమే గోతిలో శాపమవుతుంది. ఒక చక్రం గాల్లోకి లేస్తే అది వట్టినే గిర్రున తిరుగుతుంది, నేల మీదున్న చక్రానికి బలం అందదు. థార్ కొన్ని రకాల్లో దీనికి పూర్తిగా యాంత్రికమైన విరుగుడు ఉంది. వెనక చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటగానే, డిఫరెన్షియల్ లోపలి చిన్న బరువులు విచ్చుకుని ఒక కొక్కేన్ని పట్టుకుంటాయి. దాంతో ఆ బరువులను మోసే చిన్న కడ్డీ ఆగుతుంది. కామ్ ప్లేట్ తన వాలు మీద ఎక్కి క్లచ్ పళ్లాల దొంతరను నొక్కుతుంది. రెండు చక్రాలూ ఒక్కటై తిరుగుతాయి. వేగం పెరిగితే కొక్కెం తనంతట తానే పక్కకు తొలగిపోతుంది కాబట్టి హైవే మీద పొరపాటున బిగుసుకోదు. మీట లేదు, వైరు లేదు, కంప్యూటర్ లేదు. ఎప్పుడు పట్టాలో ఎప్పుడు వదలాలో తిరుగుడు వేగమే తేలుస్తుంది.

జిమ్నీది వేరే మార్గం. వట్టినే తిరిగే చక్రాన్ని సెన్సార్లు పసిగడతాయి. ఆ ఒక్క చక్రానికే బ్రేకు పడుతుంది. బలం అవతలి చక్రానికి మళ్లుతుంది. ముందూ వెనకా దాని ఇరుసులు ఏకఖండాలు. ఒక చక్రం రాయెక్కి పైకి లేస్తే, కావడిబద్దలా రెండో కొన కిందికి ఒత్తుకుని నేలను వెతుక్కుంటుంది. థార్ ముందు చక్రాలు దేనికవే ఊగుతాయి. అందువల్ల రోడ్డు మీద స్టీరింగ్ నిలకడగా ఉంటుంది. ఈ మూడు బండ్లకూ అడుగున ల్యాడర్ ఫ్రేమ్ ఉంది. రాళ్ల మీది మెలికల భారమంతా అదే మోస్తుంది.

ఇక ఆకారం. జిమ్నీ అడుగు నేలకు 210 మిల్లీమీటర్ల ఎత్తులో, మూడు తలుపుల థార్ అడుగు 226 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటాయి. అయితే గట్టు దాటేటప్పుడు పొట్ట తగలకుండా కాపాడేది ఎత్తొక్కటే కాదు, ఇరుసుల మధ్య దూరం కూడా. థార్‌లో అది 2,450 మిల్లీమీటర్లు, గట్టు దాటే కోణం 27 డిగ్రీలు. జిమ్నీలో 2,590, 24 డిగ్రీలు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న వి-క్రాస్‌లో ఆ దూరం 3,095. దాని వెనక తొట్టెలో గుడారం, పరుపులు, వంటసామాను అన్నీ పడతాయి. అంత పొడవు బండిని ఇరుకు మలుపులో తిప్పడానికి మాత్రం ముందుకూ వెనక్కూ ఆడించాలి.

ఈ భాగాలన్నీ కలిపి చూస్తేనే ఎంపిక తేలుతుంది. మూడు తలుపుల థార్ మొండి ఘటం; కానీ వెనక సీటుకు వెళ్లాలంటే ముందు సీటు మడవాలి, పిల్లలకూ పెద్దవాళ్లకూ కష్టం. అయిదుగురు ఉంటే అయిదు తలుపుల థార్ రాక్స్ డీజిల్ 4×4 నయం. తల్లిదండ్రులు, ఇద్దరు చిన్న పిల్లలు అయితే నా ఓటు జిమ్నీకి. దాని వెడల్పు 1,645 మిల్లీమీటర్లే, థార్‌ది 1,820. కాఫీ తోటల బాటలో ఎదురుగా ఆటో వస్తే ఆ జానెడు తేడాయే దారి ఇస్తుంది. బరువు సుమారు 1.2 టన్నులే కావడంతో బురదలో తక్కువ కూరుకుంటుంది. సామాను చోటు 208 లీటర్లే. మిగిలిందంతా పైకప్పు మీద పేరిస్తే బరువు పైకి చేరి పక్కవాలులో బండి ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి చిన్న గుడారం, తక్కువ సామాను.

కొనేముందు ఇంకొక మాట. 2023 నుంచి వెనక చక్రాలతో మాత్రమే నడిచే థార్ కూడా అమ్ముతున్నారు. పైపైన చూస్తే తేడా సులువుగా తెలియదు. వంగి బండి కిందకు చూడండి. ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందు ఇరుసుకు షాఫ్టు వెళ్తుంటేనే అది మన్యం దారులకు పనికొచ్చే బండి.