గూగీ నవలల్లో కెన్యా స్వాతంత్ర్యం

పరాయి ప్రభుత్వం తొలగి స్వదేశీ ప్రభుత్వం ఏర్పడగానే జాతి చరిత్రలో ఒక అధ్యాయం ముగిసినట్టు పాఠ్యపుస్తకాలు చెబుతాయి. కొత్తగా స్వాతంత్ర్యం పొందిన దేశాల నవలాకారులు ఈ మాటను అంత తేలికగా ఒప్పుకోలేదు. జెండా మారిన మరునాడు పొలం ఎవరిదన్న ప్రశ్న వారిని వేధించింది. ఆ ప్రశ్నను పట్టువిడువకుండా అడిగినవారిలో కెన్యా రచయిత గూగీ వా థియాంగో (1938–2025) ఒకడు. ఆయన నవలలు ‘ఎ గ్రెయిన్ ఆఫ్ వీట్’, ‘పెటల్స్ ఆఫ్ బ్లడ్’ మధ్య దూరం పదేళ్ళు. మొదటిది 1967లో, రెండవది 1977లో వెలువడ్డాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ దేశం ఎటు నడిచిందో, దానితోపాటు రచయిత దృక్పథం ఎట్లా పదునెక్కిందో తెలుస్తుంది.

ముందు చరిత్రను కొంత చెప్పుకోవాలి. కెన్యాలోని సారవంతమైన ఎత్తుభూములను వలస ప్రభుత్వం తెల్లవారికి ప్రత్యేకించింది. భూమి కోల్పోయిన గికుయు రైతులు తెల్లదొరల తోటల్లో కూలీలయ్యారు. ‘మౌ మౌ’ అని ప్రపంచానికి తెలిసిన తిరుగుబాటుదారులు తమ సేనను భూమి–స్వాతంత్ర్య సైన్యమని పిలుచుకున్నారు. పేరులోనే భూమి ముందున్నది. 1952 అక్టోబరు 20న ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. పదిలక్షలకు పైగా ప్రజలను కాపలా గ్రామాల్లోకి తోలింది. వెయ్యిమందికి పైగా ఉరితీసింది. నాయకుడు డెడాన్ కిమాథీని ఉరితీసింది 1957 ఫిబ్రవరి 18న. 1959 మార్చిలో హోలా నిర్బంధ శిబిరంలో 11 మంది ఖైదీలను కావలివాళ్ళు కొట్టి చంపారు.

ఇదే కాలంలో మరొక పని నిశ్శబ్దంగా జరిగిపోయింది. 1954 నాటి స్విన్నర్టన్ ప్రణాళిక ప్రకారం చెదురుమదురు కమతాలను ఏకంచేసి వ్యక్తుల పేర పట్టాలివ్వసాగారు. పోరాడినవాళ్ళు అడవుల్లోనో శిబిరాల్లోనో ఉన్నారు. కొలతలనాడు గట్టుమీద నిలబడి లాభపడినవారిలో ప్రభుత్వ విధేయులే ఎక్కువ. 1963 డిసెంబరు 12న స్వాతంత్ర్యం వచ్చింది. తెల్లవారి భూములను వెల చెల్లించి కొనుక్కోవలసిందేనని కొత్త ప్రభుత్వమూ ఒప్పుకుంది. బ్రిటిష్ ప్రభుత్వమూ ప్రపంచబ్యాంకూ ఇచ్చిన అప్పులతో కొంత పంపకం జరిగింది. తాతల నాటి భూమికి మనుమడు వాయిదాలు కట్టవలసివచ్చింది. వాయిదా కట్టలేనివాడికి, అడవిలో ఎన్నేళ్ళు ఉండివచ్చినా, స్వాతంత్ర్యంలో వాటా లేదు.

‘ఎ గ్రెయిన్ ఆఫ్ వీట్’ కథ స్వాతంత్ర్యోత్సవానికి ముందు నాలుగు రోజుల్లో నడుస్తుంది. థబాయి గ్రామస్థులు ఉత్సవంలో ముఖ్యోపన్యాసం ఇవ్వమని ముగో అనే ఒంటరి మనిషిని ప్రాధేయపడతారు. శిబిరంలో చిత్రహింసలకు లొంగని వీరుడని అతనిపై వారికి గౌరవం. ఉరికంబమెక్కిన గెరిల్లా నాయకుడు కిహికాను పట్టించిన ద్రోహి ఎవరో తేల్చాలని వారి పట్టుదల. ఆ ద్రోహి ముగోయే. కడపట అతడు జనం ముందు నిలబడి నేరం ఒప్పుకుంటాడు.

ఉద్యమకారుల్లో ద్రోహిని నాయకపాత్రగా చేయడం పోరాటాన్ని కించపరచడం కాదా అని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. కాని నవలలో ద్రోహచింత ముగో ఒక్కడిదే కాదు. వడ్రంగి గికోన్యో భార్యను చూడాలన్న ఆరాటంతో శిబిరంలో తన ప్రమాణాన్ని వెల్లడిస్తాడు. కరాంజా తెల్లవారి పక్షాన కావలిదళంలో చేరతాడు. భయం, ప్రేమ, ఒంటరితనం మనిషిని ఎట్లా విరుస్తాయో రచయిత ఓపికగా చూపించాడు. మచ్చలేని వీరుల కథ రాసివుంటే, వలసపాలన మనిషి లోపలి వరకూ చొచ్చుకుపోయి చేసిన హాని మనకు తెలిసేది కాదు. కనుక ఈ పాత్రచిత్రణ వాస్తవికతకు విరుద్ధం కాదు; ఆ నవలకు అదే బలం.

లోపం మరొకచోట ఉన్నది. నవలలో ఒక చిన్న ఘట్టం వస్తుంది. గికోన్యో మరికొందరితో కలిసి, దేశం విడిచిపోతున్న ఒక తెల్లదొర తోటను కొనాలనుకుంటాడు. అప్పు ఇప్పించమని తమ పార్లమెంటు సభ్యుణ్ణి ఆశ్రయిస్తాడు. ఆ సభ్యుడు ఇదిగో అదిగో అంటూ తిప్పి, చివరకు ఆ తోటను తానే కొనుక్కుంటాడు. కొత్త దేశపు చరిత్ర అంతా ఈ ఘట్టంలో ఇమిడివున్నది. ముగో భయపడి ఒక ప్రాణాన్ని అమ్మాడు. ప్రతినిధి తెలిసి ఒక గ్రామం ఆశను కాజేశాడు. మొదటివాడు నేరం ఒప్పుకొని ప్రాణమిస్తాడు. రెండవవాణ్ణి ఏ సభా విచారించదు. ఇంత పదునైన వైరుధ్యాన్ని చేతికి తీసుకొని కూడా రచయిత దాన్ని చివరిదాకా నడిపించలేదు. గికోన్యో, ముంబి దంపతుల సయోధ్యలో కథ ముగుస్తుంది. కొత్త శిశువు పుడుతుందన్న ఆశ మనకు మిగులుతుంది; ఆ శిశువు ఏ నేలమీద నిలబడుతుందో మాత్రం చెప్పలేదు.

ఆ తరువాతి పదేళ్ళు రచయితకు కొత్త పాఠాలు నేర్పాయి. భూమి పంపకం కోరిన సోషలిస్టు పియో గామా పింటోను 1965 ఫిబ్రవరిలో కాల్చిచంపారు. ఉపాధ్యక్ష పదవి వదిలి 1966లో ఒడింగా స్థాపించిన ప్రతిపక్షాన్ని 1969లో నిషేధించారు. సంపన్నులను విమర్శించిన పార్లమెంటు సభ్యుడు జె. ఎం. కరియూకి 1975లో హత్యకు గురయ్యాడు. ఒక్క మనిషి అంతరాత్మను శోధించి ఈ పరిణామాలకు కారణం చెప్పడం సాధ్యం కాదు.

‘పెటల్స్ ఆఫ్ బ్లడ్’లో అందుకే ఒక గ్రామమే కథానాయకస్థానం ఆక్రమించింది. కరువుబారిన ఇల్మొరోగ్ ప్రజలు తమ ప్రతినిధిని కలవడానికి నైరోబీకి నడిచిపోతారు. తరువాత గ్రామానికి అభివృద్ధి వస్తుంది. రోడ్డు వస్తుంది, బ్యాంకు వస్తుంది, సారాకర్మాగారం వస్తుంది. పట్టాలు తాకట్టుపెట్టి అప్పు తెచ్చిన రైతుకు పొలం పోతుంది. ముసలమ్మలు ఇంట్లో కాచిన పానీయం కంపెనీ సరుకవుతుంది. తొలి నవలలో ఒక ప్రతినిధి మోసంగా కనిపించినది ఇక్కడ ఆస్తిసంబంధాల నడకగా కనిపిస్తుంది. రచయిత వేసిన పెద్ద అడుగు ఇది.

దీనికి చెల్లించిన మూల్యం లేకపోలేదు. కార్మిక నాయకుడు కరేగా మాటలు చాలాచోట్ల ఉపన్యాసాలవుతాయి. అతడు చెప్పే సత్యాలకంటే, బతకడానికి తన శరీరాన్నే పెట్టుబడి చేసుకున్న వాంజా జీవితం మనకు ఎక్కువ నేర్పుతుంది. భావం సరియైనంత మాత్రాన పాత్ర బతకదు. అభ్యుదయ రచయితలు ఈ లోపాన్ని మొహమాటం లేకుండా గుర్తించాలి.

పాలకులు ఈ నవలను ఎట్లా స్వీకరించారన్నది ఆలోచించదగిన విషయం. ఇంగ్లీషులో వచ్చిన ఈ గ్రంథాన్ని 1977లో ఆర్థికమంత్రి మ్వాయి కిబాకీయే ఆవిష్కరించాడు. అదే సంవత్సరం కామిరీథు గ్రామంలో రైతులు, కూలీలు నటించిన గికుయు నాటకాన్ని ప్రభుత్వం ఆపివేసింది. డిసెంబరు 31న గూగీని అరెస్టుచేసి, విచారణ లేకుండా ఏడాదిపాటు నిర్బంధించింది. చదువుకున్న కొద్దిమంది పుస్తకంలో చదివితే సహించిన విషయాన్ని, కూలీ తన భాషలో అరుగుమీద నిలబడి చెబితే సహించలేకపోయారు. జైలులో గూగీ మరుగుదొడ్డి కాగితాలమీద గికుయు నవల రాశాడు. ఇంగ్లీషులో ‘డెవిల్ ఆన్ ద క్రాస్’గా వచ్చిన ఆ నవలను 1980లలో మన వరవరరావు జైలులోనే తెలుగు చేశారు. ఆ నవల ఒక జైలునుంచి మరొక జైలుకు వచ్చిందన్నమాట.

ఈనాడు మన విశ్వవిద్యాలయాల్లో ‘ఎ గ్రెయిన్ ఆఫ్ వీట్’ పాఠ్యగ్రంథం. దాని కథనశిల్పం గురించి, ముగో మనస్తత్వం గురించి ప్రశ్నలు అడుగుతారు. తోటను ఎవరు కొన్నారని అడిగేవారు తక్కువ. కెన్యాలో మౌ మౌపై వలసపాలకులు విధించిన నిషేధం స్వాతంత్ర్యం వచ్చిన 40 ఏళ్ళకు, 2003లో గాని తొలగలేదు. శిబిరాల్లో హింసలు పడ్డ 5,228 మందికి బ్రిటిష్ ప్రభుత్వం నష్టపరిహారం ఒప్పుకున్నది 2013లో. శరీరానికి తగిలిన దెబ్బకు ఆలస్యంగానైనా ఏదో లెక్క కట్టారు. పోయిన భూమికి ఆ లెక్కలో చోటు లేదు. ఉపాధ్యాయుడు ఆ తోట ఘట్టంనుంచి పాఠం మొదలుపెడితే, కెన్యా చరిత్రే కాక, తమ ఊరి పట్టాల చరిత్ర కూడా విద్యార్థులు అడగడం నేర్చుకుంటారు.