బటన్‌ను బటన్‌గా రాయడం

వెబ్ పేజీలు తయారు చేసేవారిలో ఒక పాత అలవాటు ఉంది. పెద్ద సైటు పనిలోకి దిగకముందే వారు ఒక ఖాళీ ఫైలు తెరిచి, పది పదిహేను పంక్తుల కోడ్ రాసి, బ్రౌజర్ దానితో ఏం చేస్తుందో చూస్తారు. ఒక బటన్, ఒక మెనూ, పేరు రాసే ఒక గడి, ప్రయోగం అంతవరకే. ఆ చిన్న ప్రయోగాన్ని కంటితోనే కాక కీబోర్డుతోనూ చెవితోనూ పరీక్షించినప్పుడు యాక్సెసిబిలిటీకి, అంటే చూపు, వినికిడి, చేతుల కదలిక ఎలా ఉన్నా అందరికీ పేజీ అందేలా రాసే విద్యకు, నిజమైన సాధన మొదలవుతుంది.

ఈ సాధనలో తొలి పాఠానికి బటన్‌ను మించినది లేదు. పేజీలో ఏ భాగం ఏమిటో బ్రౌజర్‌కు చెప్పే గుర్తుల భాష హెచ్‌టీఎంఎల్. అందులో 'బటన్' అనే ట్యాగ్ సిద్ధంగానే ఉన్నా, ఏ అర్థమూ లేని ఉత్త డబ్బాలాంటి 'డివ్' ట్యాగ్‌కు రంగు వేసి, అంచులు గుండ్రంగా చేసి, నొక్కితే పనిచేసేలా జావాస్క్రిప్ట్ తగిలించేవారు చాలామంది. తెరమీద రెండింటికీ తేడా కనిపించదు. మౌసు పక్కన పెట్టి ట్యాబ్ మీట నొక్కుతూ పోతే మాత్రం బ్రౌజర్ అసలు బటన్ దగ్గర ఆగి చుట్టూ గీత చూపిస్తుంది, ఎంటర్ నొక్కినా స్పేస్ నొక్కినా పని చేస్తుంది. డివ్‌నైతే అక్కడేమీ లేనట్టే దాటిపోతుంది. తెరమీది విషయాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మొదటిదాని దగ్గర 'పంపండి, బటన్' అంటుంది, రెండోదాని దగ్గర అది బటన్ అన్న సంగతే చెప్పదు.

దీనికి కారణం బ్రౌజర్ లోపలి పనితీరులో ఉంది. బ్రౌజర్ తెరమీద గీసే బొమ్మతో పాటు, పేజీలోని ఒక్కొక్క అంశం ఏ రకానిది, దాని పేరేమిటి, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది అనే వివరాలతో 'యాక్సెసిబిలిటీ ట్రీ' అనే మరో నిర్మాణాన్ని సిద్ధం చేస్తుంది. స్క్రీన్ రీడర్‌కు అందేది ఇదే. ఎంత అందంగా రంగు వేసినా ఆ రంగు ఒక డివ్‌ను ఇక్కడ బటన్‌గా మార్చలేదు. 'అరియా' అనే అదనపు గుర్తులతో డివ్‌కు బటన్ అని పేరు పెట్టవచ్చు గానీ, అవి పిలుపును మారుస్తాయే తప్ప ప్రవర్తనను ఇవ్వవు, మీటల పనంతా డెవలపరే మళ్లీ రాసుకోవాలి. అందుకే హెచ్‌టీఎంఎల్‌లో తగిన ట్యాగ్ ఉన్నచోట దాన్నే వాడాలన్నది అరియా వాడకంలో మొదటి నియమంగా నిలిచింది.

ఈ ప్రయోగ సంప్రదాయానికి అందమైన ఉదాహరణ 2003లో డేవ్ షే మొదలుపెట్టిన 'సీఎస్ఎస్ జెన్ గార్డెన్'. అక్కడ హెచ్‌టీఎంఎల్ ఫైలు ఒక్కటే, దాన్ని ఎవరూ మార్చకూడదు. రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ ఒక్కటే మార్చి రూపకర్తలు అదే పేజీకి వందలాది వేషాలు వేశారు. అర్థం ఒకచోట, అలంకారం మరోచోట ఉంచితే రెండూ బాగుపడతాయని వాదించడం కంటే అలా చూపించడమే ఎక్కువ పని చేసింది.

నియమాల వైపు చూస్తే, డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ మార్గదర్శకాల తొలి రూపం 1999లో, 2.2 రూపం 2023లో వచ్చాయి. వాటిలోని ఒక కొలత ప్రకారం మామూలు సైజు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య వెలుగు నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలి. ఆరు ఏడులతో రాసే బూడిద రంగు, 777777, తెల్లటి నేపథ్యం మీద 4.48 దగ్గరే ఆగిపోతుంది, 767676 గట్టెక్కుతుంది. ఇలాంటి లెక్కలను యంత్రం ఇట్టే పట్టేస్తుంది. బొమ్మకు ఇచ్చిన వివరణ ఆ బొమ్మకు తగినదేనా అన్నది మాత్రం మనిషి వినే తేల్చాలి. చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా ప్రోగ్రామర్లు మైకేల్ కరన్, జేమ్స్ టే తీర్చిదిద్దిన ఎన్‌వీడీఏ ఉచిత స్క్రీన్ రీడర్ కావడంతో, ఆ వినడం ఇప్పుడు విండోస్ కంప్యూటర్ ఉన్న ఏ విద్యార్థికైనా సాధ్యమే.

రూపం ఉండి అర్థం లేకపోవడం ఎంత చేటో తెలుగు పాఠకులకు అనుభవమే. తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలిచ్చే యూనికోడ్ వాడుకలోకి రాకముందు చాలా తెలుగు సైట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు గీసిన ఫాంట్లు వాడేవి. కంటికి అది తెలుగు. కంప్యూటర్‌కు పొంతన లేని ఇంగ్లీషు అక్షరాల వరుస. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో చూపున్నవారికీ అదే కనిపించేది, స్క్రీన్ రీడర్‌కు చదవడానికి అంతకు మించి ఏమీ ఉండేది కాదు. డివ్‌తో చేసిన బటన్ ఆ ఫాంట్లకు తోబుట్టువే. యూనికోడ్ వచ్చాక కూడా పేజీ భాష తెలుగు అని కోడ్‌లో చెప్పకపోతే, తెలుగు గొంతు అందుబాటులో ఉన్నా స్క్రీన్ రీడర్ ఇంగ్లీషు గొంతుతోనే తంటాలు పడవచ్చు.

తెలుగు లిపితో చేసి చూడదగిన మరో ప్రయోగం ఉంది. ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని ఎత్తు బిగించి, హద్దు దాటినదాన్ని దాచెయ్యమని చెప్పిన గడిలో 'రాష్ట్రం' అని రాసి అక్షరాల సైజు పెంచుతూ పోతే, కింది వత్తులు కోసుకుపోయి చివరికి 'రాషం' మిగులుతుంది. బిగించిన ఎత్తును తీసేసి కనీస ఎత్తు మాత్రమే చెబితే గడి తనంతట తానే సాగుతుంది. ట వత్తూ ర వత్తూ మళ్లీ కనిపిస్తాయి.