బురద నేల మీద ఊరి తోట

1801లో ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్ జనాభా 110. 1841 నాటికి అది ఎనిమిది వేలు దాటింది. మెర్సీ నదికి ఆవలి ఒడ్డున లివర్‌పూల్ రేవు, ఈవలి ఒడ్డున ఓడల కర్మాగారం. పని కోసం వచ్చినవాళ్లతో ఊరు కిక్కిరిసింది. పెరుగుతున్న పట్టణాల్లో జనం తిరగడానికి ఖాళీ జాగా లేదని పార్లమెంటు కమిటీ 1833లోనే తేల్చింది. అయినా ఆ రోజుల్లో సామాన్యుడు తోటలో అడుగుపెట్టాలంటే రాజుగారి దయో, దాత ఉదారతో కావాలి. 1847 ఏప్రిల్ 5న ప్రారంభమైన బర్కెన్‌హెడ్ పార్కు ఆ పద్ధతిని మార్చింది. ప్రజాధనంతో తయారై, అందరికీ ఉచితంగా తెరుచుకోవడంతో అది దయగా కాక హక్కుగా నిలిచింది. దాని అసలు విలువ అక్కడే ఉంది.

ఆ హక్కు తోటకు రూపమిచ్చిన జోసెఫ్ పాక్స్‌టన్ పనితనంలోనూ కనిపిస్తుంది. అతనికి అప్పగించింది నీరు నిలిచే పల్లపు మేత భూమి. నీటిని మళ్లించడానికి రెండు చెరువులు తవ్వించి, ఆ మట్టితోనే చుట్టూ దిబ్బలు పోయించాడు. చెరువు గట్లను వంకరలు తిప్పి, మధ్యలో దీవులు వదిలి, దిబ్బల మీద చెట్లు దట్టంగా నాటించాడు. అందువల్ల ఎక్కడ నిలబడినా తోట మొత్తం ఒక్క చూపులో అందదు. నాలుగడుగులు వేస్తే మరో దృశ్యం ఎదురవుతుంది. బండ్ల దారి అంచుల వెంట సాగితే, కాలిబాటలు చెట్ల మధ్యగా, నీటి ఒడ్డునే పోతాయి. అంటే గుర్రపు బండి లేనివాడికే తోట మరింత దగ్గరగా అందుతుంది. క్రికెట్ ఆడేందుకు విశాలమైన పచ్చిక కూడా ఉంది.

ఇదంతా స్థలాల వ్యాపారమేనని ఆక్షేపించేవారున్నారు. అందులో నిజం లేకపోలేదు. కొన్న 226 ఎకరాల్లో 125 పార్కుకు ఉంచి, చుట్టూ ఉన్న మిగతా నేలను సంపన్నుల ఇళ్లకు అమ్మి ఖర్చు రాబట్టాలన్నదే ప్రణాళిక. అయితే కనీసం 70 ఎకరాలు ప్రజల ఉచిత వినోదానికే ఉండాలని 1843 చట్టం ముందే షరతు పెట్టింది. లాభం ఎంత ఊరించినా ఆ గీత దాటడానికి వీల్లేదు. విక్టోరియన్ పార్కులు శ్రామికులకు పెద్దమనుషుల నడవడి నేర్పడానికి పుట్టాయన్నది మరో విమర్శ. కట్టినవాళ్ల ఉద్దేశం అదే అయినా, వాడుకున్నవాళ్లు దాన్ని తమ సొంతం చేసుకున్నారు. 1850లో ఇటు వచ్చిన అమెరికన్ ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్ పార్కు చూడకుండా వెళ్లకూడదని పట్టుబట్టింది ఏ అధికారో కాదు, ఒక రొట్టెల దుకాణదారు. అన్ని తరగతులవారూ కలిసి తిరిగే ఆ తోటకు సాటి వచ్చేది తన దేశంలో లేదని ఓల్మ్‌స్టెడ్ రాసుకున్నాడు. తర్వాత కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు రూపమిచ్చాడు.

ప్లాట్లు కోయగా మిగిలిన ముక్కకు కంచె వేసి పార్కు అనడం సులువు. బర్కెన్‌హెడ్ ముందు తోటకు నేల కేటాయించి, ఆ తర్వాతే ఇళ్ల సంగతి చూసింది. ఏ నగర ప్రణాళికనైనా ఈ వరుసను బట్టే అంచనా వేయవచ్చు.