తుపానుకు ముందే రాసుకోవాల్సిన డిస్కు

నెల్లూరు తీరంలో సరంజామా బాగుచేసుకోవడానికి ఒక కాలం ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. పడవలు, ఇంజన్లు, వలలు అన్నీ అప్పుడే ఒడ్డున సరిచేసుకుంటారు. వేట మొదలయ్యాక వల కుట్టుకుంటూ కూర్చునే తీరిక ఎవరికీ ఉండదు. అవే ఊళ్లలో ఇప్పుడు కంప్యూటర్ లేకుండా పని నడవదు. హ్యాచరీ లెక్కలు, రొయ్య పిల్లలకు పీసీఆర్ పరీక్ష చేసే ల్యాబులు, మీసేవ కేంద్రాలు, దస్తావేజులు రాసే గదులు, అన్నిటికీ అదే ఆధారం. దానికి మాత్రం ఎవరూ ఒక కాలం పెట్టలేదు. చెడిపోయాక రిపేరు కుర్రాడికి ఫోన్ చేస్తారు. అతను సంచిలోంచి ఏనాటిదో పెన్‌డ్రైవ్ తీసి, ఫార్మాట్ కొట్టి, విండోస్ ఎక్కించి పోతాడు. తాజా అప్‌డేట్లు కలిపిన, యంత్రాన్ని లేపగల బూటబుల్ డిస్కును వాయుగుండాల కాలానికి ముందే తయారుచేసి పెట్టుకోవాలని నా వాదన. ఇంటింటికీ నెట్ వచ్చింది కదా, ఇంకా ఆ తంటా ఎందుకు అనేవాళ్ల మాట నాకు సగమే నిజమనిపిస్తుంది.

ఈ అవసరం ఎలా పుట్టిందో ముందు చూడాలి. విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబరులో వచ్చింది. 2003 ఆగస్టులో బ్లాస్టర్, 2004 ఏప్రిల్ చివర్లో శాసర్ అనే కంప్యూటర్ పురుగులు బయల్దేరేసరికి, ఆ తొలి సీడీతో వేసిన కంప్యూటర్‌ను నెట్‌కు తగిలిస్తే చాలు, ఎవరూ ఏదీ నొక్కకుండానే పురుగు దూరేది. ప్యాచ్ లేని విండోస్ యంత్రం నెట్‌లో సగటున 20 నిమిషాలు నిలిస్తే గొప్పని 2004లో శాన్స్ సంస్థ వారి ఇంటర్నెట్ స్టార్మ్ సెంటర్ లెక్క తేల్చింది. దీనికి మందుగా ఆ ఏడాది ఆగస్టులోనే వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 సైజు 266 మెగాబైట్లు. డయలప్ మీద సెకనుకు 5 కిలోబైట్లు వచ్చినా అది దిగడానికి 15 గంటలు పడుతుంది. 20 నిమిషాల్లో పడిపోయే యంత్రానికి 15 గంటల వైద్యం! బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ 2005 జనవరిలో మొదలయ్యాక కూడా వేగం 256 కేబీపీఎస్ దగ్గరే. అప్‌డేట్‌ను డిస్కులోనే కలిపేసి, యంత్రం పుట్టడమే మందుతో పుట్టేలా చేయడం తప్ప వేరే దారి లేదు. ఇది దొంగచాటు విద్యేమీ కాదు, మైక్రోసాఫ్ట్ తానే ఆ సౌకర్యం ఇచ్చింది.

అయితే ఇందులో చేతిపనితనం ఉంది. సీడీలో ఉన్నదంతా ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, సర్వీస్ ప్యాక్‌ను ‘ఇంటిగ్రేట్’ ఆదేశంతో నడిపితే, ఐ386 ఫోల్డర్‌లో పాత ఫైళ్లు పోయి కొత్తవి కూర్చుంటాయి. అంతవరకూ ఎవరైనా చేస్తారు. ఆ ఫోల్డర్‌ను మామూలుగా సీడీ మీద రాస్తే మాత్రం ఫైళ్లన్నీ కనిపిస్తాయి గానీ దాంతో యంత్రం లేవదు. సీడీతో బూట్ అయ్యేటప్పుడు బయాస్ 17వ సెక్టార్‌లో ఒక గుర్తు కోసం వెతుకుతుంది. ఐబీఎం, ఫీనిక్స్ కంపెనీలు 1995లో ఖాయం చేసిన ఎల్ టోరిటో పద్ధతి అది. ఎక్స్‌పీ బూట్ ముక్క మొత్తం 2 కిలోబైట్లే. దాన్ని అసలు సీడీలోంచి విడిగా తీసి, బర్నింగ్ సాఫ్ట్‌వేర్ ఎన్ని సెక్టార్లు లోడ్ చేయాలని అడిగేచోట 4 అని ఇవ్వాలి. అక్కడ ముందే ఉన్న 1ని అలాగే వదిలేస్తే 700 మెగాబైట్ల సీడీ చెత్తబుట్టకే. విస్టాతో పద్ధతి మారింది. ఇప్పుడు ఇన్‌స్టాల్ డాట్ విమ్ అనే ఒక్క పెద్ద ఫైలును డిస్మ్ పరికరంతో విప్పి, అప్‌డేట్ ఎక్కించి, మళ్లీ మూయాలి. మెలికలు ఇందులోనూ ఉన్నాయి. మీడియా క్రియేషన్ టూల్‌తో దించుకుంటే విమ్ బదులు ఈఎస్‌డీ ఫైలు వస్తుంది, ముందు దాన్ని విమ్‌గా మార్చుకోవాలి. అప్‌డేట్ కలిపాక ఆ ఫైలు 4 జీబీ దాటితే ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ దాన్ని తీసుకోదు, ముక్కలు చేయాల్సిందే. పని అయ్యాక వర్చువల్ మెషీన్‌లో ఒకసారి లేపి చూడకుండా దాన్ని సంచిలో వేసుకునేవాడిని నేను నమ్మను.

ఇక నెట్ సంగతి. మామూలు రోజుల్లో నెట్ ఉంటే విండోస్ తన అప్‌డేట్లు తానే తెచ్చుకుంటుంది, కాదనను. కానీ ఈ తీరంలో కంప్యూటర్లు మూకుమ్మడిగా చెడేది మామూలు రోజుల్లో కాదు. జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కోసుకుపోయాయి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేలోపు నెల్లూరును ముంచెత్తింది. ఏపీ ఫైబర్‌నెట్ తీగ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే వెళ్తుంది. స్తంభం ఒరిగితే కరెంటూ నెట్టూ రెండూ పోతాయి. తర్వాత జనరేటర్‌తో కరెంటు ముందు వస్తుంది, నెట్ వెనకాల ఎప్పుడో వస్తుంది. నీళ్లు తగిలిన హార్డ్‌డిస్కులు మార్చి మళ్లీ ఓఎస్ వేసేది సరిగ్గా ఆ మధ్యలోనే. అప్పుడు వేసింది పాత డిస్కు అయితే, పక్క యంత్రంలో పురుగు ఉంటే, దానికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు, ఆఫీసు లోపలి తీగ చాలు. 2017 మే 12న వన్నాక్రై అనే పురుగు అలాగే పాకింది. దానికి విరుగుడు ప్యాచ్ మార్చి 14నే వచ్చినా, వేసుకోని యంత్రాలు ప్రపంచమంతా పడిపోయాయి. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లకూ అది సోకింది.

డిస్కు రాసిన మర్నాటి నుంచే పాతబడుతుంది కదా అంటారు. పాతబడుతుంది. కానీ విండోస్ 10 నుంచి అప్‌డేట్లు కుమ్యులేటివ్, అంటే తాజాది ఒక్కటి కలిపితే వెనకటివన్నీ అందులోనే ఉంటాయి. అవి ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి. సెప్టెంబరుది కలిపి పెట్టుకుంటే డిసెంబరు తుపానుకు మూడు నెలలే వెనకబడి ఉంటాం, మూడేళ్లు కాదు. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది: ఆ డిస్కులో ఏం కలిపారో ఎవరికి తెలుసు? మద్రాసు రిచీ స్ట్రీట్ అయినా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ అయినా, ‘అన్నీ కలిపిన విండోస్’ అని చేతికిచ్చే డిస్కుకు తల్లిదండ్రులెవరో తెలియదు. మైక్రోసాఫ్ట్ చైనాలో కొత్త కంప్యూటర్లు 20 కొని చూస్తే నాలుగింటిలో పురుగు ముందే ఉందని 2012లో బయటపెట్టింది. ఈ భయం నిజమైనదే. అయితే అది తయారైనది కొనడానికి అడ్డు, సొంతంగా చేసుకోవడానికి కాదు. అసలు ఐఎస్ఓ కంపెనీ సైటు నుంచే దించుకుని, ఎస్‌హెచ్ఏ256 సంఖ్య సరిచూసుకుని, అప్‌డేట్ కూడా మైక్రోసాఫ్ట్ క్యాటలాగ్ నుంచే తెచ్చుకుంటే మధ్యలో మూడో చెయ్యి పడదు.

నిజానికి ఈ చాకిరీ వాడుకునేవాడి మీద పడకూడదు. డెబియన్ అనే లినక్స్ ఓఎస్ చేసేవాళ్లు సుమారు రెండు నెలలకోసారి పాయింట్ రిలీజ్ పేరుతో అప్‌డేట్లు కలిపిన కొత్త ఇమేజ్‌లు తామే చేసి పెడతారు. దించుకుని రాసుకోవడమే మన పని. విండోస్‌ను వదల్లేని చోట్లు ఉన్నాయి నిజమే, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, వేలిముద్ర పరికరాల డ్రైవర్లు దాన్నే అడుగుతాయి. కానీ విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగాయి, సరిగ్గా వానలు మొదలయ్యే నెలలో. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేని పాత యంత్రాల మీద విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ ఒప్పుకోదు. అలాంటివాటికి ఆ అక్టోబరు అప్‌డేట్ కలిపిన డిస్కు ఒకటి రాసి తేదీ వేసి ఉంచుకోవచ్చు, నెట్‌కు తగిలించని యంత్రాలకు అది పనికొస్తుంది. తగిలించక తప్పని పాత యంత్రానికి మాత్రం డెబియన్ డిస్కే వెయ్యమంటాను.